పచ్చి కాడ కావాలంటే ఎండు తుప్పను వెతకండి: మిషిగన్ పల్లె దారుల్లో అడవి ఆస్పరాగస్

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వచ్చిన కొత్తలో ఒక మే నెలంతా, ప్రతి శనివారం, పల్లె రోడ్ల పక్కన కాలవ గట్లు పట్టుకుని తిరిగాను. ఆఫీసులో ఒక పెద్దాయన తన చిన్నతనంలో రోడ్డు పక్కనే బుట్టల కొద్దీ ఆస్పరాగస్ కోసుకొచ్చేవాళ్ళమని చెప్పాడు. వసంతంలో నేలలోంచి లేచే లేత కాడను కూరగా వండుకునే మొక్క అది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. కానీ ఒక్క కాడ దొరకలేదు. గడ్డి అప్పటికే మోకాలెత్తు పెరిగింది. పచ్చటి గడ్డిలో పచ్చటి పుల్లను వెతకడం ఎవరి వల్లా కాదనుకుని మానేశాను. అదే ఏడాది అక్టోబరులో అదే రోడ్డు మీద కారులో వెళ్తుంటే, కంచె పొడుగునా బంగారు రంగులో, మంచు పొగలా మెత్తగా ఊగుతున్న పొదలు కనిపించాయి. దిగి చూస్తే అన్నీ ఆస్పరాగసే. మే నెలలో వాటికి రెండడుగుల దూరంలోనే నడిచాను.

ఆ రోజు అర్థమైంది నేను తప్పు కాలంలో, తప్పు వస్తువు కోసం వెతికానని. వసంతంలో చేసేది కోత మాత్రమే. వెతుకులాట అంతా అంతకుముందు ఆకులు రాలే కాలంలో, చలికాలం చివర జరిగిపోవాలి. వెతకాల్సింది కూడా పచ్చి కాడను కాదు, నిరుటి ఎండు తుప్పను.

మన ఊళ్ళలో బోడకాకర కోసేవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బోడకాకర గడ్డ భూమిలోనే ఉండి ఏటా తొలకరికి అదే చోట మొలుస్తుంది. ఏ కంచె మీద, ఏ తుమ్మ కింద తీగ ఉందో తెలిసినవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్తారు. తెలియనివాళ్ళు ఊరంతా తిరిగి ఖాళీ సంచితో వస్తారు. ఆస్పరాగస్‌దీ అదే స్వభావం. భూమిలో ఉండే దీని మొదలు, అంటే వేళ్ళూ కాడలూ పుట్టే గుబురు, పదిహేను, ఇరవై ఏళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బతుకుతుంది. ఒక్కసారి చోటు తెలిస్తే ఏటా అదే చోటు. ఇంకో పోలిక కూడా ఉంది. బోడకాకరలో లాగే ఇందులోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు.

అసలు ఇది అడవి మొక్కేనా?

అమెరికాలో దొరికేది పుట్టుకతో అడవి మొక్క కాదు. యూరప్, పశ్చిమాసియా దీని సొంత ఊళ్ళు. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు పెరటి కూరగాయగా తెచ్చుకున్నారు. ఆడ మొక్కకు శరత్కాలంలో బఠాణీ గింజంత ఎర్రటి పండ్లు కాస్తాయి. పిట్టలు వాటిని తిని, కంచెల మీదా కరెంటు తీగల మీదా కూర్చుని రెట్టవేస్తాయి. అలా తోట దాటిన మొక్క ఇది. సూపర్‌మార్కెట్‌లో కట్టగా అమ్మే ఆస్పరాగస్, కాలవ గట్టున మొలిచేది, రెండూ ఒకటే జాతి.

మన శతావరి దీనికి దగ్గరి చుట్టం. పిల్లిపీచర, పిల్లితేగలు అని మనవాళ్ళు పిలిచేది అదే. పువ్వుల కొట్లలో బొకేల చుట్టూ పెట్టే సన్నటి పచ్చ ఆకు కూడా ఈ కుటుంబందే. కుటుంబం ఒకటని కుండీలో ఉన్న అలంకరణ మొక్క మొలకలు తుంచుకుని వండకండి. నేను చెప్తున్న మొక్క వేరు, అది వేరు.

మిషిగన్‌లో ఇది ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఇసుక నేల. లేక్ మిషిగన్ అనే పెద్ద సరస్సు ఒడ్డున, ఓషియానా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), హార్ట్, షెల్బీ ఊళ్ళ చుట్టూ ఆస్పరాగస్ పొలాలు పరుచుకుని ఉంటాయి. నేల మట్టం మీద కాడను చేత్తో విరిచే పద్ధతి అక్కడిది. కూలీలు నేలకు ఆనినట్టుండే బండి మీద కూర్చుని, అది కదులుతుంటే రెండు వైపులా విరుస్తూ పోతారు. ఆ పొలాల గట్టున మొలిచినవి మాత్రం ముట్టుకోకండి. అవి ఆ రైతువే.

ఏడాది పొడుగునా మొక్క ఎలా మారుతుంది

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

వసంతంలో నేలలోంచి ఆకు లేని కాడ నిటారుగా లేస్తుంది. మనం తినేది దాన్నే. కోయకుండా వదిలేస్తే వారం, పది రోజుల్లో కొన విచ్చుకుని పక్క కొమ్మలు వేస్తుంది. జూన్ చివరికి నాలుగైదు అడుగుల ఎత్తున, సన్నటి సూదుల్లాంటి ఆకులతో మెత్తటి పొద అవుతుంది. చూడ్డానికి సోంపు మొక్కలా ఉంటుంది. ఎండాకాలమంతా ఆ పొద ఎండను తిని వేళ్ళలో ఆహారం దాస్తుంది. వచ్చే ఏడాది కాడలకు అదే పెట్టుబడి. సెప్టెంబరు చివర, అక్టోబరులో పసుపు తిరిగి, తర్వాత బంగారు రంగుకొస్తుంది. మంచు పడ్డాక సూది ఆకులు రాలిపోయి, ఎండుగడ్డి రంగులో పుల్లలు మిగులుతాయి. ఆ పుల్లలు చలికాలమంతా అక్కడే ఉంటాయి, కొన్ని నిలబడి, కొన్ని మంచు బరువుకి వాలిపోయి. ఏప్రిల్ చివర వాటి మొదట్లోంచే కొత్త కాడలు వస్తాయి.

అక్టోబరు పని: బంగారు పొదలను గుర్తుపెట్టుకోవడం

ఆకులు రంగు మారే కాలంలో మనవాళ్ళం ఎలాగూ కారేసుకుని తిరుగుతాం. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి డెట్రాయిట్ శివారు ఊళ్ళలో ఉంటే, ఊరి రోడ్లు వదిలి అరగంట, ముప్పావుగంట పొలాల వైపు వెళ్ళండి. మట్టి రోడ్లు, రెండు వరసల పాత రోడ్లు మంచివి. కారు నడిపేవాళ్ళు రోడ్డునే చూడాలి. గట్లు చూసే పని పక్క సీట్లో వాళ్ళది.

ఎక్కడ చూడాలంటే, పిట్ట ఎక్కడ కూర్చుంటుందో అక్కడ. పాత కంచెలు, కరెంటు స్తంభాల వరస, ఒంటరి చెట్టు కింద, పాడుబడ్డ ఇళ్ళ చుట్టూ, పాత పెరళ్ళు ఉన్న చోట. ఎండ బాగా తగలాలి. నీళ్ళు నిలవని నేల కావాలి. కాలవ అడుగున బురదలో దొరకదు, కాలవ గట్టు వాలు మీద దొరుకుతుంది. ఆస్పరాగస్ ఉప్పును తట్టుకుంటుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి పక్కనున్న చాలా మొక్కలు చచ్చిపోతే ఇది బతికి బట్టకడుతుంది. రోడ్డు గట్లను ఇది ఇంతగా ఆక్రమించడానికి అదీ ఒక కారణమే.

అక్టోబరులో గట్టు మీద ఉన్న మిగతా కలుపంతా గోధుమ రంగులోకి మారిపోయి ఉంటుంది. ఆ గోధుమ రంగు మధ్య ఒకే ఒక్క మెత్తటి పసుపు పొగ కనిపిస్తే ఆగండి. దగ్గరికెళ్ళి సూది ఆకు, దొరికితే ఎర్ర పండు చూడండి. పండు లేదని మొక్క కాదనుకోవద్దు, మగ మొక్కకు పండు ఉండదు. నిజానికి గింజల మీద బలం ఖర్చుపెట్టదు కాబట్టి మగ మొక్కే ఎక్కువ కాడలు ఇస్తుంది. ఎర్ర పండ్లు మనుషులు తినేవి కావు, కడుపులో వికారం, వాంతులు తెస్తాయి. పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పండి, చూడ్డానికి అవి చాలా ముచ్చటగా ఉంటాయి.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి అక్కడే పిన్ను పెట్టండి. పిన్ను ఒక్కటే సరిపోదు. మేలో అక్కడికి తిరిగొచ్చినప్పుడు ఆ చోటు గుర్తుపట్టలేనంతగా మారిపోయి ఉంటుంది. ఒక ఫోటో తీసి, దాని కింద రెండు మాటలు రాసుకోండి: "ఎర్ర కొట్టాం దాటాక మూడో స్తంభం, కంచె లోపలి వైపు, నాలుగు మొదళ్ళు" అని. నేను మొదటి ఏడాది పిన్నులు మాత్రమే పెట్టి, సగం మొదళ్ళను మళ్ళీ కనుక్కోలేకపోయాను.

అక్టోబరు దాటిపోయిందా? ఏం ఫర్వాలేదు. మంచు కరిగాక మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఇంకో అవకాశం ఉంది. అప్పటికి కొత్త గడ్డి లేవదు కాబట్టి ఎండు పుల్లలు కంటికి ఆనుతాయి. వాటిని వేరే కలుపు నుంచి వేరు చేయడం నేర్చుకోవాలి. ఆస్పరాగస్ పుల్ల లేత ఎండుగడ్డి రంగులో నున్నగా, వేలంత లావుగా ఉంటుంది. ఒకే మొదట్లోంచి నాలుగైదు పుల్లలు లేచి, పైన సన్నటి పక్క కొమ్మలుగా చీలి ఉంటాయి. గోల్డెన్‌రాడ్ పుల్ల ముదురు గోధుమ రంగు, పైన బూజు లాంటి పూల గుత్తి మిగిలి ఉంటుంది. అడవి క్యారెట్ పుల్ల కొనన పిట్టగూడు ఆకారంలో ముడుచుకున్న గొడుగు ఉంటుంది. ముల్లెయిన్ ఒంటి కాగడాలా నిలబడుతుంది. డాక్ అనే చుక్కకూర చుట్టం తుప్పు పట్టిన ఇనుము రంగు. ఈ నాలుగూ తెలిస్తే గట్టు మీద మిగిలిన లేత రంగు పుల్లలు దాదాపుగా మీకు కావలసినవే.

ఎక్కడ కోయకూడదు

చోటు దొరికిన ఆనందంలో చాలామంది దాటేసే భాగం ఇది. నా దృష్టిలో మాత్రం వంట కన్నా ఇదే ముఖ్యం.

ముందుగా మందు. రోడ్డు గట్ల మీద, కరెంటు తీగల కింద కలుపు చావడానికి మందు కొడతారు. మిషిగన్‌లో పల్లె రోడ్ల బాధ్యత చాలావరకు కౌంటీ రోడ్ కమిషన్‌ది. ఫోన్ చేసి, ఫలానా రోడ్డు మీద నిరుడు మందు కొట్టారా, ఈ ఏడు కొడతారా అని అడగండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కంటికి కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. గట్టంతా గీత గీసినట్టు ఒకే వెడల్పున పసుపు తిరగడం, లేత ఆకులు మెలికలు తిరగడం, పొదలు ఒకవైపే మాడిపోవడం. అవి కనిపిస్తే ఆ చోటు వదిలేయండి. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి గట్టు మీద పడుతుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

రైలు పట్టాల పక్కన ఆస్పరాగస్ బాగా పెరుగుతుంది, బలంగానూ ఉంటుంది. అయినా వద్దు. పట్టాల స్థలంలోకి దిగడం చట్టప్రకారం తప్పు. పైగా అక్కడ కలుపు మందు తప్పకుండా పడుతుంది.

రద్దీ హైవేల గట్లు కూడా వద్దు. అమెరికాలో సీసం కలిపిన పెట్రోలు రోడ్డు మీది బండ్లకు పూర్తిగా ఆగింది 1996లో. అంతకుముందు దశాబ్దాల పాటు పొగలో వచ్చిన సీసం పాత పెద్ద రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంది. ఇంటర్‌స్టేట్ మీద, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే మీద అయితే, అత్యవసరం లేకుండా బండి ఆపడమే నేరం. అలాగే పాత ఆపిల్ తోటల జోలికి వెళ్ళకండి. గత శతాబ్దం మొదటి సగంలో ఆపిల్ పురుగుకి లెడ్ ఆర్సెనేట్ అనే మందు విపరీతంగా కొట్టారు. అందులోని సీసం, ఆర్సెనిక్ మట్టిలోంచి పోవు. తోట పోయి గడ్డి మైదానమైనా అవి అక్కడే ఉంటాయి. మిషిగన్ ఆపిల్ రాష్ట్రం కాబట్టి ఇక్కడ ఇది దూరపు భయం కాదు.

ఇక అనుమతి. గట్టు ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. చాలా చోట్ల రోడ్డుకి ఆనుకున్న భూమి యజమానికి దాని మీద హక్కు ఉంటుంది. కంచె లోపల ఉంటే సందేహమే లేదు. తలుపు తట్టి అడగండి. పేరు చెప్పుకుని, "మీ కంచె పక్కన ఆస్పరాగస్ చూశాను, రెండు గుప్పెళ్ళు కోసుకోవచ్చా?" అంటే చాలు. నాకు ఎక్కువసార్లు సరేనన్నారు. ఒకరిద్దరు వద్దన్నారు, ఆ చోట్లను మ్యాప్‌లోంచి తీసేశాను. సరేనన్న ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు కోసినదాంట్లో కొంత ఇచ్చి వస్తాను. పార్కులు, ప్రభుత్వ అడవుల్లో ఏది కోయవచ్చో ఒక్కోచోట ఒక్కో నియమం ఉంటుంది, అక్కడి ఆఫీసులో కనుక్కోండి.

కాలం: ఎప్పుడు బయలుదేరాలి

నేల వెచ్చదనం సుమారు 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 డిగ్రీల సెల్సియస్ చేరితే కాడ కదులుతుంది. దక్షిణ మిషిగన్‌లో అది మామూలుగా ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం. నేను థర్మామీటరు పట్టుకుని తిరగను. ఫోర్సీథియా పసుపు పూలు రాలిపోతూ, లాన్ల నిండా డాండిలయన్లు విచ్చుకుని ఉంటే మొదటిసారి చూసి వస్తాను. లైలాక్ పూసే రోజుల్లో కాడలు పోటెత్తుతాయి. దక్షిణం వైపు వాలిన, ఎండ నేరుగా తగిలే గట్ల మీద వారం ముందే వస్తాయి. అందుకని ముందు వాటిని, తర్వాత నీడ గట్లను చూడండి. అలా చేస్తే కోత కాలం కూడా సాగుతుంది.

మే మధ్య దాటాక కూడా ఇక్కడ ఒక్కోసారి మంచు కాటు పడుతుంది. అప్పటికి పైకొచ్చిన కాడలు నీరుగారి మెత్తబడి వంగిపోతాయి. టెన్షన్ పడకండి, వేరు మొదలుకి ఏమీ కాదు. కొన్ని రోజులకు కొత్త కాడలు వస్తాయి.

వేడి రోజుల్లో కాడ ఒక్క రోజులో అయిదారు అంగుళాలు పెరగగలదు. శనివారం రెండు అంగుళాలున్నది వచ్చే శనివారానికి విచ్చుకుని చేతికి అందకుండా పోతుంది. అందుకే దూరంలో ఉన్న పది చోట్ల కన్నా ఆఫీసుకి వెళ్ళే దారిలో ఉన్న రెండు చోట్లు మేలు. రెండు మూడు రోజులకోసారి చూడగలగాలి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. న్యూజెర్సీ, వర్జీనియా వైపు ఇంకాస్త ముందే మొదలవుతుంది. కొలరాడో, యూటా వైపు రోడ్డు గట్ల కన్నా సాగునీటి కాలవ గట్లు చూడండి, ఎండిన నేలలో తడి అక్కడే ఉంటుంది. ఇక ఇటలీ, స్పెయిన్, క్రొయేషియాలలో ఉన్నవాళ్ళు అడవి ఆస్పరాగస్ అని వినేది వేరే జాతి. అది ఏడాదంతా పచ్చగా ఉండే ముళ్ళ పొద, కాడలు సన్నగా కాస్త చేదుగా ఉంటాయి. దానితో కలగాపులగంగా బ్లాక్ బ్రయనీ అనే విషపు తీగ మొలకలు కూడా వస్తాయి కాబట్టి అక్కడివాళ్ళ దగ్గర చూసి నేర్చుకోకుండా కోయొద్దు.

ఇది అదేనా?

ఆస్పరాగస్ కాడ మీద ఆకు ఉండదు. కాడను అంటిపెట్టుకుని త్రికోణాకారపు చిన్న పొలుసులు ఉంటాయి, కింద దూరదూరంగా, కొన దగ్గర ఒత్తుగా. కొన గట్టిగా మూసుకుని మొగ్గలా ఉంటుంది. విరిస్తే నీళ్ళలాంటి పసరు వస్తుంది కానీ పాలు రావు. రంగు పచ్చగా, ఒక్కోసారి ఊదా ఛాయతో ఉంటుంది.

పొరబడే అవకాశం ఉన్న మొక్కలు మూడు చెప్తాను. డాగ్‌బేన్ మొలక ఇవే గట్ల మీద, ఇదే కాలంలో నిటారుగా లేస్తుంది. దానికి ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, తుంచితే తెల్లటి పాలు కారతాయి. గుండెకు చేటు చేసే విషం అది. వైల్డ్ ఇండిగో మొలక దూరం నుంచి అచ్చం ఆస్పరాగస్‌లా ఉంటుంది. దగ్గరగా చూస్తే త్రికోణపు పొలుసులకు బదులు ముడుచుకున్న మూడు రేకుల ఆకులు కనిపిస్తాయి. అదీ విషమే. హార్స్‌టెయిల్ వసంతపు మొలక లేత గోధుమ రంగులో, కొనన శంకువుతో, కణుపు కణుపుకీ నల్లటి పళ్ళ అంచుతో ఉంటుంది.

ఇవన్నీ గుర్తుండకపోతే నేను పాటించే ఒక్క నియమం చాలు: పక్కనే, అదే మొదట్లో, నిరుటి ఎండు పుల్ల కనిపించకపోతే కోయను. ఎండు పుల్లను చివరి దాకా చేత్తో తడుముతూ వెళ్తే కొత్త కాడ మొలిచే చోటే తేలాలి. అనుమానం ఉన్న మొలకను కోయకుండా వదిలేసి జూన్‌లో వచ్చి చూడండి. సూది ఆకులు వేస్తే అదే, పిన్ను పెట్టుకోండి.

కోత రోజు

పొడుగు ప్యాంటు, పొడుగు సాక్సు, ప్యాంటు అంచు సాక్సులోకి దోపుకోవాలి. నల్లకాళ్ళ పిడుదు పురుగు, ఇక్కడివాళ్ళు డీర్ టిక్ అంటారు, గడ్డి కొనల మీద కాచుకుని ఉంటుంది. దాని కాటుతో లైమ్ అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. ఇంటికొచ్చాక బట్టలు వేడి డ్రయర్‌లో వేసి, స్నానం చేస్తూ మోకాళ్ళ వెనక, చంకలు, తల వెంట్రుకల్లో వెతకండి. పిల్లలను తప్పకుండా చూడండి. కరుచుకుని ఉంటే చర్మానికి ఆనించి ట్వీజర్‌తో పట్టుకుని నేరుగా పైకి లాగండి. జబ్బు అంటడానికి అది సాధారణంగా 24 గంటలకు మించి పట్టుకుని ఉండాలి కాబట్టి అదే రోజు చూసుకోవడం చాలా ముఖ్యం. గట్ల మీద తాకితే దద్దుర్లు తెచ్చే, మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ కూడా ఉంటుంది. వైల్డ్ పార్‌స్నిప్ అనే కలుపు మొక్క పసరు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగులు వేసుకోండి.

చిన్న కత్తి, తడి గుడ్డ, గుడ్డ సంచి. అంతకన్నా సామాను అక్కర్లేదు. పొద్దున్నే వెళ్తే కాడ చల్లగా, నీటితో నిండి ఉంటుంది.

ఆరు నుంచి పది అంగుళాల కాడ, కొన గట్టిగా మూసుకున్నది కోయాలి. చేత్తో వంచితే లేత ఉన్న చోట తనంతట తానే పటుక్కున విరుగుతుంది. కత్తితో అయితే నేల మట్టానికి కోయండి. కత్తిని మట్టిలోకి గుచ్చకండి. కింద ఇంకా పైకి రాని మొగ్గలు ఉంటాయి, ఒక్క పోటుతో నాలుగు కాడలు పోతాయి. తవ్వడం అసలే వద్దు. లావు కాడ ముదురనీ, సన్నది లేతనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. లావు అనేది వేరు మొదలు బలాన్ని చెప్తుంది. ముదిరిందో లేదో కొన చెప్తుంది. కొన విచ్చుకుంటే ఎంత సన్నగా ఉన్నా పీచే.

ఎంత కోయాలి? ఒక మొదట్లో మూడు కాడలుంటే రెండు కోసి ఒకటి వదులుతాను. అన్నీ పెన్సిల్ కన్నా సన్నగా ఉంటే అది చిన్న మొక్క, ఆ ఏడాదికి దాన్ని ముట్టుకోను. ఇంకెవరో కోసిన గుర్తులు, అంటే నేల మట్టాన తాజా మోళ్ళు, కనిపిస్తే వాళ్ళు మిగిల్చింది మొక్క కోసం వదిలేయండి. మే నెల చివరికి, మహా అయితే జూన్ మొదటి వారానికి ఆపేయాలి. ఆ తర్వాత లేచే ప్రతి కాడా పొద కావాలి. రైతులు ఇంకా కోస్తున్నారు కదా అంటే, వాళ్ళు ఎరువేసి నీళ్ళు పెట్టే పొలం అది. గట్టు మీది మొక్కకి తన ఎండ తప్ప ఆసరా లేదు.

ఇంటికొచ్చాక

కోసిన గంట నుంచే తీపి తగ్గిపోతూ ఉంటుంది. కారులోనే తడి గుడ్డలో చుట్టి, వీలైతే ఐస్ డబ్బాలో పెట్టండి. ఇంట్లో మొదళ్ళు కొంచెం కత్తిరించి, అంగుళం నీళ్ళున్న గ్లాసులో నిలబెట్టి, పైన వదులుగా కవరు కప్పి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఆగుతుంది. వండే ముందు కొనలను చల్లటి నీళ్ళలో ముంచి బాగా జాడించండి, పొలుసుల్లో ఇసుక ఉంటుంది. కాడ మీద వరసగా గుచ్చినట్టు నల్లటి చిన్న గుడ్లు కనిపిస్తే అవి ఆస్పరాగస్ పెంకు పురుగువి, రుద్ది కడిగితే పోతాయి. ఎక్కువ దొరికితే మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి, ఐస్ నీళ్ళలో వేసి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

వంటలో దీన్ని బీన్స్‌లా ఉడకబెట్టకూడదు. మా ఇంట్లో ఎక్కువగా చేసేది వేపుడు. పావు కిలో కాడలను అంగుళం ముక్కలుగా, కొనలు వేరుగా తరుగుతాను. రెండు చెంచాల నూనెలో మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేగాక పెద్ద మంట మీద ముందు కాడ ముక్కలు వేసి రెండు మూడు నిమిషాలు, తర్వాత కొనలు వేసి ఇంకో రెండు నిమిషాలు. మూత పెట్టను, పెడితే రంగు చచ్చి జావగా అవుతుంది. చివర ఉప్పు, చెంచాడు వేయించిన నువ్వుల పొడి. పంటి కింద కరకరలాడాలి. వేడన్నంలో, పక్కన ముద్దపప్పుతో తింటే ఇంతకన్నా మంచి వసంతం కూర నాకు తెలియదు. పెసరపప్పులో వేయాలంటే పప్పు ఉడికి తాళింపు కూడా పడ్డాక ముక్కలు వేసి రెండు పొంగులు రానిచ్చి దించేయండి. చింతపండు బదులు నిమ్మరసం పిండితే కాడ రుచి తెలుస్తుంది. పీచుగా ఉన్న మొదళ్ళను పారేయకండి. నీళ్ళలో పావుగంట మరిగించి వడకడితే ఆ నీళ్ళతో చారు బాగుంటుంది.

తిన్నాక మూత్రం ఘాటైన వాసన వస్తే కంగారు పడొద్దు. ఇందులోని ఆస్పరాగుసిక్ ఆమ్లం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే గంధకపు వాయువుల వాసన అది. కొందరికి ఆ వాసన ముక్కుకి తెలియదు కూడా. రక్తం పలచబడే వార్‌ఫరిన్ మాత్రలు వాడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఇందులో విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకుండా డాక్టరును అడగండి.

జూన్ తర్వాత

పిన్ను పెట్టిన చోట్లకి జూలైలో ఒకసారి వెళ్ళి రండి. కోసిన మొదళ్ళు పొదలు వేశాయా, సన్నబడ్డాయా చూడండి. సన్నబడితే ఎక్కువ కోశామన్నమాట. వచ్చే ఏడాది ఆ మొదలును వదిలేయాలి. రోడ్డు వాళ్ళు గడ్డి కోసే యంత్రంతో పొదలను నరికేసి ఉంటే కూడా అంతే.

మీకు సొంత పెరడు ఉంటే అక్టోబరులో, పొద ఉన్న స్థలం యజమానిని అడిగి కాసిన్ని ఎర్ర పండ్లు తెచ్చుకోండి. పండు చిదిమితే లోపల ఆరు దాకా నల్లటి గింజలు ఉంటాయి. గుజ్జు కడిగి, ఆరబెట్టి, చలికాలం ఫ్రిజ్‌లో దాచి, వసంతంలో కంచె వెంబడి ఎండ పడే చోట అరంగుళం లోతున వేయండి. మొదటి ఏడాది దారం లాంటి మొలకలే వస్తాయి, వాటి చుట్టూ గడ్డి పీకుతూ ఉండాలి. రెండో ఏడాది కూడా కోయొద్దు. మూడో ఏడాది మేలో రెండు వారాల పాటు, లావుగా ఉన్నవి మాత్రం కోసుకోవచ్చు.